చిక్కడపల్లి నుంచి కల్వకుర్తి దాకా, కుట్టుమిషన్ తొక్కిన కాళ్లతో

శనివారం తెల్లవారకముందే అశోక్‌నగర్‌లోని మా ఇంటి గేటు తీసి సైకిల్‌ను రోడ్డు మీదికి దింపాను. నలభై ఆరేళ్ల వయసులో ఒంటరిగా నేను చేస్తున్న మొదటి దూరప్రయాణం అది. కల్వకుర్తి దాటి లోపలికి ఉన్న ఒక చిన్న ఊరికి చేరాలి. దాదాపు తొంభై కిలోమీటర్లు. అందులో సగం దూరం కూడా అంతకు ముందు ఒక్క రోజులో తొక్కలేదు.

మా ఆయన శ్రీనివాస్ నారాయణగూడలో ఒక మందుల దుకాణంలో పని చేస్తాడు. బ్యాండేజీ, దూది, ఓఆర్ఎస్ పొట్లాలు కవర్లో పెట్టి తెచ్చాడు.

"బస్సుల పోతే తొమ్మిదింటికల్ల ఆడ ఉంటవు" అన్నాడు.

"బస్సుల అయితే ఎప్పుడన్న పోవచ్చు" అన్నాను.

చిక్కడపల్లిలో నాకు బ్లౌజులు కుట్టే దుకాణం ఉంది. అందులో ఎల్లమ్మ పదేళ్లకు పైగా పని చేసింది. హుక్కులు, చేతికుట్టుతో మొదలుపెట్టి కటింగ్ దాకా నేర్చుకుంది. భర్త మేస్త్రీ పని, కవాడిగూడ బస్తీలో కిరాయి ఇల్లు. నిరుడు అతని నడుము పట్టేసి బరువులు మోయలేని స్థితి వస్తే ఇద్దరూ పాలమూరు వైపున్న సొంతూరికి వెళ్లిపోయారు. అప్పటి నుంచి నా దుకాణం కుంటుతోంది. ఫోన్‌లో ఎప్పుడు రమ్మన్నా "చూద్దాంలే అక్క" అనేది. ఎదురుగా కూర్చుని అడగాల్సిన మాట అది, అందుకే ఆమె ఊరికి ఈ ప్రయాణం.

మరి సైకిల్ ఎందుకంటే, మా అమ్మాయి స్కూటీ కొనుక్కుని గేర్ల సైకిల్‌ను వదిలేసింది. దాని మీదే నిరుడు తొక్కడం నేర్చుకున్నాను. ఒక ఆదివారం సైకిల్ గుంపు ఒకదానితో బయల్దేరి, అందరికన్నా చాలా వెనకబడ్డాను. "అక్క, మీరు ముందు చిన్న చిన్నయి తొక్కండి" అని ఒకతను మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదే గుచ్చుకుంది. పోతే ఒక్కదాన్నే పోవాలని ఆ రోజే అనుకున్నాను.

కాచిగూడ, చాదర్‌ఘాట్, సైదాబాద్, చాంద్రాయణగుట్ట. తెలిసిన రోడ్లే అయినా, ఆ వేళకు ఎంత వెడల్పుగా ఉంటాయో అప్పటిదాకా తెలియదు. పహాడీషరీఫ్‌లో చాయ్ తాగేసరికి ఏడు కావస్తోంది. తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు కింద నుంచి దాటాక గాలి మారింది. కందుకూరులో వేడి ఇడ్లీలు తిని నీళ్లు నింపుకున్నాను. ఈ దారిన వెళ్లేవాళ్లు అక్కడే నింపుకోవడం మంచిది, తర్వాత ఎండ ముదురుతుంది.

కడ్తాల్ దాటాక పడ్డాను. వెనక నుంచి ఒక లారీ మరీ దగ్గరగా రాసుకుపోయింది. ఆ గాలికి హ్యాండిల్ ఊగి, చక్రం తారు అంచు దిగి, కంకరలో బోర్లా పడ్డాను. మోకాలు చిట్లి రక్తం కారింది, మోచెయ్యి గీసుకుపోయింది. లారీ ఆగలేదు.

రోడ్డు పక్కన సీతాఫలాలు అమ్ముతున్న ముసలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి గాయం మీద పోసింది.

"ఏడికి బిడ్డ?"

"కల్వకుర్తి అవతలికి."

"ఒక్కదానివేనా? ఇంక శాన దూరముందా?"

"వచ్చినంత లేదమ్మా."

"అయితే జరసేపు కూసొని పో" అంది.

కట్టు కట్టుకుంటుంటే శ్రీనివాస్ ఫోన్ చేశాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఆడనే ఉండు. మా ఓనర్ కారు అడిగి తీస్కొని వస్త."

"రావొద్దు. రక్తం ఆగింది. మోకాలు మంచిగనే వంగుతుంది."

"పట్టుదలకు పోకు."

"పట్టుదలతోనే కద ఈడిదాంక వచ్చిన" అని పెట్టేశాను.

అంత గట్టిగా అన్నానే గానీ సైకిల్ ఎక్కాక వెనక హారన్ వినపడగానే దిగిపోయాను. కొంత దూరం నడిపించుకుంటూ వెళ్లి మళ్లీ ఎక్కాను, ఇంకో లారీ రాగానే మళ్లీ దిగాను. ఇలాగైతే చీకటి పడ్డా చేరనని అర్థమైంది. మూడోసారి హారన్ వినపడినప్పుడు పళ్లు బిగబట్టి, చూపు తెల్లగీత మీద పెట్టి తొక్కాను. లారీ వెళ్లిపోయింది, నేను సైకిల్ మీదే ఉన్నాను. ఆ తర్వాత భయం పూర్తిగా పోలేదు కానీ దానితోనే తొక్కడం వచ్చింది.

ఆమన్‌గల్‌లో జొన్నరొట్టె, పప్పు తిన్నాను. అక్కడి నుంచి ఎదురుగాలి. ఏళ్ల తరబడి కుట్టుమిషన్ తొక్కిన కాళ్లు కదా, వేగం లేకపోయినా ఆగకుండా ఆడాయి. కల్వకుర్తి దాటి మట్టిరోడ్డులోకి తిరిగేసరికి పొద్దు వాలుతోంది. రెండు పక్కలా పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది.

ఎల్లమ్మ ఇంటి అరుగు మీద మిషన్ ముందు కూర్చుని ఉంది. హెల్మెట్ పెట్టుకున్న నన్ను చూసి "ఎవరు కావాలె సార్?" అంది. హెల్మెట్ తీశాను. ఆమె లేచి నా మోకాలి కట్టు చూసి, వేడినీళ్లు పెట్టడానికి లోపలికి వెళ్లింది.

అన్నం తిన్నాక అడిగాను. జీతం పెంచుతానన్నాను, ఇల్లు కూడా చూసిపెడతానన్నాను.

"నేను రాను అక్క. ఫోన్ల చెప్తే నీ మనసు కష్టపడతదని చెప్పలే."

"ఈడ గిరాకీ ఉంటదా?"

"పండుగలకు బాగుంటది, మామూలు రోజులల్ల తక్కువ. గానీ ఊర్లె ఆడోళ్లు ఇది ఎల్లమ్మ కుట్టిందని చెప్పుకుంటరు. నీ దుకాణంల నేను కుట్టినయి ఎంతమంది తొడుక్కున్నరో, ఒక్కరికి నా పేరు తెల్వది. నీ మీద కోపం కాదు అక్క. ఉన్న మాట."

ఆ రాత్రి ఆమె నా కాళ్లకు నూనె రాస్తుంటే, ఇక రమ్మని అడగకూడదని మాత్రం అనుకున్నాను.

ఆదివారం పొద్దున రొట్టెలు మూటకట్టి ఇచ్చింది. మట్టిరోడ్డు చివరిదాకా నా పక్కన నడిచి వచ్చి, "ఇంటికి చేరినంక ఫోన్ చెయ్" అని వెనుదిరిగింది. గాలి ఇప్పుడు వెనక నుంచి వీస్తోంది. మోకాలు సలుపుతున్నా దారి తొందరగా కదిలింది.

తుక్కుగూడ దగ్గర వాళ్ల ఓనర్ కారును ఆనుకుని శ్రీనివాస్ నిలబడి ఉన్నాడు.

"ఎక్కు. సైకిల్ వెనక పెడదాం" అన్నాడు.

"ఇంక మిగిలింది సిటీయే. నువ్వు ముందు పోయి అన్నం వండు."

నా ముఖం వైపు చూశాడు. నీళ్ల సీసా చేతికిచ్చి, "పప్పు కూడ చేస్త" అని కారెక్కాడు.

ఎల్లమ్మను తీసుకురావాలని పోయి ఒంటరిగానే తిరిగి వస్తున్నాను. కాదన్న మాట ఫోన్‌లో విని ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు, ఇంకో వందసార్లు అడిగేదాన్ని. ఆమె అరుగు, ఆమె మిషన్ చూశాక ఒప్పుకోవడం కష్టం కాలేదు. సోమవారం నుంచి పనికి కొత్త మనిషిని వెతకాలి. దొరికాక, ఏ బ్లౌజు ఎవరు కుట్టారో కుట్టించుకునేవాళ్లకు పేరుతో సహా చెప్పాలి. కాచిగూడ వచ్చేసరికి ఇది తేలిపోయింది. ఇంటి ముందు దిగేసరికి కిటికీలోంచి పోపు వాసన వస్తోంది.