పాత డొక్కు అన్న పాపానికి

గొప్పలు చెప్పుకొని చెడినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. తగ్గి మాట్లాడి చెడినవాణ్ణి నేను. ఇందులో ఎవరినీ అనడానికి లేదు. ఆ తెలివితక్కువతనం పూర్తిగా నా సొంతం, దానికి బీమా కూడా లేదు.

రెండువేల సంవత్సరం వస్తోందని, దాని చివరి రెండు సున్నాలను చూసి ప్రపంచమంతా వణుకుతున్న రోజులవి. కంప్యూటర్లలో ఆ సున్నాలను సరిచేసే పని మీద దేశంకాని దేశంలో, డార్విన్ అనే ఊళ్ళో ఓ ప్రభుత్వాఫీసులో ఉండేవాణ్ణి. వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం గాలివానకి ఆఫీసు ఎదుట చెట్టుకొమ్మ విరిగి నా తెల్లకారు నడినెత్తిన కూర్చుంది. బీమా కంపెనీ దాన్ని ‘రైటాఫ్’ అంది. అంటే బాగుచేయించడం దండగ, విలువ కట్టి డబ్బిచ్చేస్తామని. నా భార్యకి అప్పుడు ఏడో నెల. గంటకో బస్సు, కుండపోత వాన, ఆసుపత్రేమో ఊరికి ఆ చివర. కాన్పులోగా ఇంకో కారు కొనాలి. కొనాలంటే కంపెనీ ఇచ్చే డబ్బే ఆధారం.

కంపెనీ తరఫున బండి విలువ కట్టే అసెసర్ రమ్మంటే, కారుంచిన యార్డుకి వెళ్ళాను. ఎర్రమట్టి మీద, కనుచూపు మేర, వరసలు కట్టిన చచ్చిన కార్లు. ప్రతిదాని అద్దం మీదా పసుపురంగు పెయింటుతో ఓ అంకె. మా ఊళ్ళో బతికున్న కార్లకి కూడా ఇంత క్రమశిక్షణ లేదు. నోరు తెరుచుకొని చూస్తూ ఉండిపోయాను. వెంటనే మూసుకొని ఉంటే ఎంత బాగుండేది!

అసెసర్ పొట్టి నిక్కరూ, మోకాళ్ళ దాకా మేజోళ్ళూ వేసుకున్న పెద్దమనిషి. “మంచి బండే మేట్. చక్కగా చూసుకున్నావు,” అన్నాడు.

ఎవరైనా మెచ్చుకుంటే మనమేం చేస్తాం? చీర బాగుందంటే పాతదేనంటాం, ఇల్లు బాగుందంటే ఇరుకంటాం. “అబ్బే, ఏదో పాత డొక్కండీ. ఎప్పుడూ ఏదో ఒక రిపేరే,” అన్నాను వచ్చిన ఇంగ్లీషులో, ఉన్న వినయమంతా కలిపి.

ఆయన నవ్వలేదు. రాసుకున్నాడు.

వారానికి ఉత్తరం వచ్చింది. ‘వాహనం స్థితి: అధ్వానం. యజమానే స్వయంగా చెప్పారు.’ నేననుకున్నదాంట్లో సగమే ఇస్తామన్నారు. వాళ్ళు ఆలోచించుకున్నన్నాళ్ళూ కారు యార్డులో పడున్నందుకు అద్దె కూడా అందులోంచే కోస్తారట.

నా భార్య ఉత్తరం చదివి తలెత్తింది. “ఏమండీ, బండిని డొక్కు అన్నారా?”

“మర్యాదకి అన్నానే.”

“ఆఫీసులో మీ ఫ్రెండ్స్ నా గురించి అడిగితే కూడా ఇలాగే మర్యాద చేస్తున్నారా?”

“ఛ, అదేం మాట?”

“కంప్లైంట్ రాయండి. లెటరే రాయండి, ఫోన్ మాత్రం చెయ్యొద్దు. మీరు నోరు తెరిస్తే మనమే వాళ్ళకి ఎదురు ఇవ్వాల్సొస్తుంది.”

రాశాను. కారు ఫొటోలూ, సర్వీసు పుస్తకం కాపీలూ జతచేశాను. కంపెనీలో ఫిర్యాదులు చూసే ఆవిడ, అసలు పుస్తకం పట్టుకొని రమ్మని కబురు చేసింది. నవ్వి పంపించేస్తుందనుకుంటూ వెళ్ళాను. ఆవిడ కలం పట్టుకొని కూర్చుని, మా మర్యాదల గురించి నేను చెప్పిందంతా పరీక్షకి చదువుతున్నట్టు విన్నది.

“అంటే, మీవాళ్ళు బాగోలేదంటే బాగున్నట్టా?”

“అవునండీ.”

“మరి నిజంగానే బాగోకపోతే?”

“అప్పుడు ఫస్ట్ క్లాసుగా ఉందంటాం. అమ్మేటప్పుడు.”

అప్పుడు నవ్వింది. నవ్వుతూనే సర్వీసు పుస్తకంలో ఒక్కో ముద్రా చూసింది. నా ఎదుటే, ఆ ముద్రలు వేసిన మెకానిక్కుకి ఫోన్ చేసి, “ఆ తెల్లకారు ఎలా ఉండేది?” అని అడిగింది. అతనికి మా మర్యాదలు తెలియవు కాబట్టి నిజం చెప్పాడు.

పది రోజులకి రెండో ఉత్తరం. ‘యజమాని మాటలు ఆయన ఆచారం ప్రకారం అన్నవి గనుక వాటిని పరిగణించడం లేదు.’ కారుకి పూర్తి విలువ కట్టారు. ఆలస్యం తమదేనని ఒప్పుకొని యార్డు అద్దె కొట్టేశారు. ఆచారం అన్న వాక్యాన్ని మూడుసార్లు చదివాను. మా ఇంటావంటా మర్యాద కోసం ఆడుతూ వచ్చిన అబద్ధాన్ని, ముక్కూమొహం తెలియని ఓ కంపెనీ అబద్ధమేనని నమ్మి, దాని వెనకున్న నిజానికి వెల కట్టింది. ఇలాంటి దేశం కూడా ఉంటుందా అనుకుంటూ, తొమ్మిదో నెల రాకముందే నీలంరంగు స్టేషన్ వ్యాగన్ కారు కొన్నాను.

ఆ ఆశ్చర్యంలోనే ఉండగా కంపెనీ నుంచి ఇంకో కవరు. ‘మా అసెసర్ సేవలు ఎలా ఉన్నాయి? మీకు సౌకర్యమైన భాషలో, వివరంగా రాయండి.’ తిరుగుటపా ఖర్చు వాళ్ళదే.

గుండ్రటి తెలుగులో తొమ్మిది పేజీలు రాశాను. ఆ ఊళ్ళో తెలుగు చదవగలిగినవాళ్ళం, నాకు తెలిసి, మేమిద్దరమే. అందుకని తర్జుమాకి గంటకెంత తీసుకుంటానో మాత్రం చివరి పేజీ అడుగున ఇంగ్లీషులో రాసి, కవరు అంటించాను.