కోపం లేని రాజు, మా ఇంటి పసుపు

ఆ రోజుల్లో నన్నెవరైనా "ఏం పని చేస్తవ్ పిల్లా?" అని అడిగితే, "నాటకాల్ల ఉంట" అని మెడ కాస్త పైకెత్తి చెప్పేదాన్ని. నాటకంలో కాదు, నాటకం వెనకాల తెర చాటున ఉంటానన్న సంగతి మాత్రం మింగేసేదాన్ని. (బిడ్డా, నేను చెప్పేది పుస్తకాల్లో ఉన్నట్టు సాఫుగా రాసుకో. మనుషుల మాటలు మాత్రం ఎవరివి వాళ్లకే ఉంచు, దిద్దకు.) కిరీటాలకు రాలిపోయిన అద్దాలు అతికించడం, మునుల గడ్డాలకు చిక్కు తీయడం, రాణి చీర ఉతికి ఆరేయడం, మొహాలకు రంగులు కలపడం నా పనులు. ఊరూరూ తిరిగే ఆ కంపెనీలో మా మేనత్త బట్టలు కుట్టేది, ఆమే నన్ను వెంట తీసుకుపోయింది. కళ మీద ప్రేమతో పోయాననుకునేవు, అదేం లేదు. మా బాపుది ఆర్మూర్ పక్కనే పెర్కిట్‌లో పసుపు చేను. పసుపు ఉడికించే పొయ్యి దగ్గర పొగ, ఎండిన కొమ్ముల్ని మెరుగు కోసం ఇనుప డ్రమ్ములో పోసి గిరగిరా తిప్పడం, ఒళ్లంతా దుమ్ము... వాటి నుంచి తప్పించుకోవడానికి పోయాను. బాపు ఒక్కటే షరతు పెట్టాడు. "ఆర్మూర్ల మీ ఆట పడేదాంక ఉండు. గా దినం నేనే బండి కట్టుకోని వస్త. పనిల ఒక్క తప్పు కనవడ్డా మూట సదురుకోని బండెక్కాలె. మల్ల డ్రమ్మే తిప్పాలె."

ఆర్మూర్ ఆటకు రెండు రోజుల ముందు మేం నవీపేట్‌లో ఉన్నాం. గోదావరి ఒడ్డున రాణి చీర ఆరేసి, గాలికి ఎగరకుండా కొంగు మీద బరువుగా పసుపుపచ్చ రంగు డబ్బా పెట్టాను. చీర ఆరింది. చీరను ముడత పడకుండా మడిచి, ఎంతో జాగ్రత్తగా పెట్టెలో పెట్టాను. డబ్బా గోదావరి ఒడ్డునే ఉంది. ఆ సంగతి ఆర్మూర్‌లో పెట్టె తెరిచాక తెలిసింది. ఆ రోజు ఆట కోపం రాని రాజు కథ. ఎవరేం చేసినా కోప్పడనని మునికి మాటిచ్చిన రాజు, ఆయన సొమ్మంతా ఒక్కొక్కటే లాక్కునే మంత్రి. చివరికి రాజు శాంతం చూసి మంత్రే సిగ్గుపడి కిరీటం తిరిగిస్తాడు. ఆ రాజు మొహానికి బంగారు ఛాయ రావాలంటే ఆ డబ్బాలో రంగే కావాలి. రాజు వేషం వేసేది కంపెనీ యజమాని, మేమంతా పెద్దయ్య అనేవాళ్లం.

డబ్బా పోయిందని చెబితే బాపు బండి ఎక్కాల్సిందే. దొడ్డిదారిన పెర్కిట్‌కు పరుగెత్తి, అమ్మ వంటింట్లో లేనప్పుడు డబ్బాడు పసుపు కొంగున కట్టుకొచ్చాను. నీళ్లలో కలిపి పెద్దయ్య మొహానికి పట్టించి, పైన తెల్ల పౌడరు అద్దాను. నిజం చెప్పాలంటే అసలు రంగుకంటే బాగుంది. అద్దంలో చూసుకుని ఆయనే మురిసిపోయాడు. "ఇయ్యాల చెయ్యి తిరిగిందే పిల్లా!" అన్నాడు. నేను సిగ్గుపడ్డాను కూడా. (ఎంత తెలివో చూడు!)

కరెంటు మీద నమ్మకం లేక సాయంత్రం నాలుగింటికే ఆట మొదలుపెట్టారు. తెర సందులోంచి చూస్తే మొదటి వరుసలో బాపు, మైదానం చివర మా బండి. మొదటి రంగం బాగానే నడిచింది. పెద్దయ్యకు ఒక అలవాటుంది. తెర చాటుకు వచ్చినప్పుడల్లా తమలపాకు వేసుకుని, వేలి కొసన సున్నం ఉంచుకుని కొంచెం కొంచెం నాకుతుంటాడు. మళ్లీ బయటికి పోయి, మంత్రి అవమానించినప్పుడల్లా చెంప మీద చెయ్యి వేసుకుని శాంతంగా నవ్వాలి.

పసుపుకు సున్నం తగిలితే ఏమవుతుందో పెర్కిట్‌లో పాకే పిల్లకు కూడా తెలుసు. దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు నా చేత్తో ఎన్నిసార్లు కలిపానో! ఆ రోజు మాత్రం ఆ జ్ఞానమంతా ఎటు పోయిందో.

మొదట ఎడమ చెంప ఎర్రబడింది. మంత్రి గుర్రాలు లాక్కున్నాడు, కుడి చెంప ఎర్రబడింది. కోట లాక్కున్నాడు, పెద్దయ్య నుదుటి చెమట తుడుచుకున్నాడు, నుదురంతా నిప్పు! ఆ మొహంతోనే "మంత్రీ, నాకు కోపమన్నది తెలియదు" అన్నాడు మెల్లగా. జనంలోంచి ఒక ముసలమ్మ లేచి నిలబడింది. "అబద్ధం! వస్తున్నది! సూడుండ్రి, రాజుకు కోపమొస్తున్నది!" ఇక ఈలలే ఈలలు. మంత్రి వేషం ఆయన పొద్దున పెద్దయ్య ఆకుల సంచిలోంచి చెప్పకుండా రెండాకులు తీసుకున్నాడట. ఆ కోపం తన మీదే అనుకుని వణికిపోయి, ఇంకా రెండు రంగాలు ఉండగానే కిరీటం తీసి రాజు చేతిలో పెట్టేశాడు. చేసేదేముంది, మంగళం పాడేశారు. జనం మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

నేను చప్పట్లు వినడం లేదు, మూట కట్టుకుంటున్నాను. పెద్దయ్య లోపలికి వచ్చి అద్దం చూసుకుని, సబ్బుతో మొహం కడుక్కున్నాడు. (సబ్బుకూ పసుపు ఎర్రబడుతుంది బిడ్డా.) మిగిలిన పచ్చ కూడా ఎర్రగా మారింది.

"పిల్లా, ఏం పూసినవ్ నా మొకానికి?"

"పసుపు, పెద్దయ్యా."

"ఎవ్వలింటిది?"

"మాదే" అన్న మాట నా నోటి నుంచి రాలేదు, వెనక నుంచి వచ్చింది. చూస్తే తెర పక్కన బాపు. మా అత్త గబగబా అడ్డమొచ్చి, "తమ్మీ, పోరి ఎరుకలేక చేసింది, జర ఊకో" అంది. బాపు ఆమెను పక్కకు జరిపి పెద్దయ్య మొహం దగ్గరగా వంగి, అంగట్లో కొమ్ము విరిచి చూసినట్టు చూశాడు.

"మొదటి రంగు తిరిగినప్పుడే అనుకున్న, మన పసుపే అని. గట్టి సరుకు కాకుంటే గంత ఎర్రగ కాదు" అన్నాడు.

పెద్దయ్య పడీపడీ నవ్వాడు. "ఎల్లుండి ఇందల్వాయిల గూడ గిదే పూయి పిల్లా. సున్నం డబ్బ నీ దగ్గర్నే పెట్టుకో, ఎప్పుడు ఇయ్యాల్నో నేను చెప్త."

బాపు నా మూట వైపు చూశాడు, నా వైపు చూశాడు. "డ్రమ్ము తిప్పేటందుకు వేరెటోళ్లను సూసుకుంట తియ్యి" అని ఖాళీ బండి తోలుకుని పోయాడు. ఆ తర్వాత కంపెనీ ఎక్కడ ఆడినా బాపు పసుపు పంపేవాడు, అదీ జల్లెడ పట్టి మరీ. పసుపు నుంచి తప్పించుకుందామని పోయిన నేను, మళ్లీ ఆ పసుపునే మొహాలకు రుద్దుతూ పదకొండేళ్లు తిరిగాను.

ఇప్పటికీ గడపకు పసుపు రాశాక సబ్బుతో చెయ్యి కడిగితే నురుగు ఎర్రబడుతుంది. అప్పుడు తెర చాటున మూట కట్టుకుంటున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. ఆ మూట అక్కడే విప్పి, "బట్టలు మళ్లీ పెట్టెలో పెట్టుకో, ఏం కాదులే" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదనుకో. (నవ్వుతావేం? రాయి.)