ప్లేగు పాసుపోర్టుతో గుడియాత్తం దాకా

రాయవేలూరులో చెల్లెలి గృహప్రవేశం. దారిలో గుడియాత్తంలో దిగి నేతచీర కొందామని పొద్దున్నే బెంగుళూరులో బండెక్కాను. మా ఊళ్ళో ప్లేగు. పదిన్నరకు జోలార్‌పేటలో అందరినీ దించి, గడ్డల కోసం చంకలు నొక్కి చూసి, తలా ఒక పాసుపోర్టు ఇచ్చారు. అందులో నంబరు, తండ్రి పేరు, పుట్టుమచ్చ ఉంటాయి. దిగిన ఊళ్ళో రోజూ దాన్ని చూపి హాజరు వేయించుకోవాలి. లేకపోతే ఊరిబయట కొట్టంలో పెడతారు. పరీక్ష తప్పించుకుని బండెక్కేవాళ్ళు ఇతరుల పాసుపోర్టులు కొట్టేస్తారని విన్నాను, అందుకే నాది మొలలో దోపుకున్నాను.

రైలుపెట్టెలో అందరూ నాకు దొంగల్లాగే కనిపించారు. ఎర్ర తలపాగా ఆసామి అరటిపండు ఇస్తే తినలేదు. పక్కన మునెయ్య అనే నేతగాడు. గుడియాత్తంలో కూతురికి నెలలు నిండాయట. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ అక్షరం రాదు. ఉత్తరమైనా పట్టా అయినా చదువొచ్చినవాడి చేత పైకి చదివించుకోవడం అతనిలాంటివాళ్ళకు అలవాటు.

"నా పేరు సరిగా రాసినారా, రవ్వంత చదివి చెప్పు సామీ," అన్నాడు.

గొంతు సవరించుకున్నాను. బండి చప్పుడులో వినబడదని నంబరు గట్టిగా రెండుసార్లు చదివాను. తండ్రి పేరు, కుడి భుజం మీది మచ్చతో సహా.

"బాగా చదివితివి నాయనా!" అన్నాడు మునెయ్య.

రెండింటికి గుడియాత్తం. స్టేషన్ దగ్గర నేను తాపీగా పెరుగన్నం తిన్నాక ఇద్దరం ఒకే జట్కాలో హాజరుకు వెళ్ళాం. గుమాస్తా మునెయ్య పాసుపోర్టు చీటీ చూసి మొహం చిట్లించాడు.

"ఈ నంబరోడు ఇప్పుడే వచ్చిపోయినాడే. చీటీ పోయిందని, నాయన పేరు, మచ్చ అన్నీ చెప్పి కొత్తది తీసుకున్నాడు. పోయిన చీటీ నీకు యాడ దొరికె?"

"వాని భుజం చూసినారా సామీ?" అన్నాడు మునెయ్య.

"ప్లేగు ఊర్నించి వచ్చినోణ్ణి ఎవరప్పా ముట్టుకునేది? నంబరు ఎవరికి చెప్పినావు?"

"నాకే తెలీదు సామీ. ఈ అయ్య చదివినాడు, అంతే."

చీటీ ఇతనిదేనని సాక్ష్యం చెప్పాను. రైల్లో కలిసినవాడి సాక్ష్యం చెల్లదన్నాడు గుమాస్తా. జోలార్‌పేట నుంచి జాబు వచ్చేదాకా మునెయ్యను కొట్టానికి పంపించాడు.

వేలూరులో పాయసం రుచించలేదు. మూడోనాడు తిరుగు ప్రయాణంలో గుడియాత్తంలో దిగి కొట్టానికి వెళ్ళాను. తడికె అవతల మునెయ్య నవ్వుతూ లేచాడు.

"మనవడు పుట్టినాడంట సామీ. ఇంకా చూళ్ళేదు. కొత్త నంబరు ఇచ్చినారు. చదువు, గట్టిగా!"

చుట్టూ పదిమంది మూగారు. అతను అందించిన చీటీని చదవకుండానే మడిచి తిరిగి అతని చేతిలో పెట్టి, తప్పు నాదేనని చెప్పాను.

"నువ్వు చదివితివి. వినింది ఎవడో కదా," అన్నాడు.

ఆ 'ఎవడో' ఎవడో నాకు ఇప్పటికీ తెలియదు. సాయంత్రం బెంగుళూరు బండిలో ఒక మూల కూర్చున్నాను. వచ్చేటప్పుడు పెట్టెలో అందరినీ అనుమానించాను, నన్ను తప్ప.