రాసింది విద్యావతి, సంతకం సదాశివది

నాంపల్లి స్టేషను వెనక గల్లీలో విద్యావతిని చూపించి కోడళ్లకు బుద్ధులు చెప్పేవాళ్లు. భర్త పోయాడు, అత్త లక్ష్మీనర్సమ్మకు పక్షవాతం. ఆ మంచం పక్కనే కూర్చుని అత్తనూ చూసుకుంటుంది, అక్కడే కూర్చుని సంపాదిస్తుంది, ఆడదానికి ఇంతకన్నా ఏం కావాలి అనేవాళ్లు. అనేవాళ్లకేం, నోరుంటే చాలు.

ఆమె తండ్రి నిజాం కాలంలో మున్షీ. కూతురికి ఉర్దూ నేర్పాడు, అందులోనూ పాత దస్తావేజుల గొలుసుకట్టు రాత. చుక్కలుండవు, అక్షరం మీద అక్షరం ఎక్కి ఉంటుంది. అచ్చు ఉర్దూ గడగడా చదివేవాళ్లు కూడా దాని ముందు తెల్లమొహం వేస్తారు. 1958లో జగన్మోహనరావు ఆబిడ్స్‌లో తర్జుమా ఆఫీసు పెట్టాడు. కోర్టుకెక్కిన పాత భూమి కాగితాలను తెలుగులోకి మార్చి ఇవ్వడం వాళ్ల పని. విద్యావతి ఇల్లు కదలలేదు కాబట్టి బంట్రోతు దుర్గయ్య పొద్దున కట్ట తెచ్చిచ్చి సాయంత్రం పట్టుకుపోయేవాడు. ఆ ఏర్పాటుకు ఆమె నిజంగానే సంతోషపడింది. ఆ సంతోషాన్నే వాళ్లు ఆరేళ్లు వాడుకున్నారు.

ప్రతి తర్జుమా కింద 'స్వయంగా చదివి అనువదించాను' అని సంతకం పెట్టేది జగన్మోహనరావు బావమరిది సదాశివ. కోర్టులో ప్రమాణం చేసి చెప్పేదీ అతనే. గొలుసుకట్టు అతనికి ముక్క రాదు. జడ్జి చదవమంటే ఎట్లా అని మొదట్లో వణికిపోతుంటే విద్యావతే జాలిపడింది. దస్తావేజులోని ఉర్దూ మాటలను తెలుగు అక్షరాల్లో వేరే కాగితం మీద రాసి కట్టలో పెట్టేది. అతను దాన్ని దస్తావేజు మీద పరుచుకుని దర్జాగా చదివేవాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

1964లో ఆఫీసులో ముఖ్య అనువాదకుడి కుర్చీ ఒకటి వేశారు. అప్పటికి అత్తను చూసుకోవడానికి ఆడబిడ్డ పద్మ వచ్చి ఉంది. విద్యావతి రిక్షా ఎక్కి ఆబిడ్స్ వెళ్లి, ఆ ఉద్యోగం తనకిమ్మని అడిగింది.

"ఇంట్ల కూసోని రాసుకునే సౌలతు ఇచ్చినం గదమ్మా," అన్నాడు జగన్మోహనరావు. "అత్తను జూస్కుంట, తీరికున్నప్పుడు రాస్తున్నవ్. గదెట్ల నౌకరి అయితది? రిజిస్టర్ల నీ పేరే లేదు. కుర్చీ సదాశివకు ఇచ్చినం."

సదాశివ పక్కనే పాన్ నములుతూ, "నేను జదివే కాగితం మాత్రం మరువకక్కా," అన్నాడు.

విద్యావతి ఏడవలేదు. ఒళ్లు మండిపోతుంటే ఇంటికొచ్చి అత్తతో అంతా చెప్పింది. పక్షవాతం లక్ష్మీనర్సమ్మ కాలూ చెయ్యీ పట్టింది గాని నాలుకను వదిలేసింది.

"గా కాగితం ఈపారి రాసియ్యకు," అందామె. "వాడేం జదివిండో వచ్చి నాకు జెప్పు."

తరవాత వచ్చింది బాలమల్లు అనే రైతు భూమి దావా. ఆ రైతు తనకేం అపకారం చేశాడని, తర్జుమా మాత్రం అక్షరం పొల్లుపోకుండా చేసింది. సదాశివ చూసి చదివే కాగితం పెట్టలేదు. సదాశివకు కట్టను కోర్టులోనే విప్పే అలవాటు. వాయిదా రోజున విద్యావతి వెళ్లి వెనక బెంచీలో కూర్చుంది.

జడ్జి ఉర్దూ తెలిసిన పాత హైదరాబాదు మనిషి. "రెండో పేజీ జర అసల్ దస్తావేజులకెళ్లి చదువుండ్రి," అన్నాడు.

సదాశివ కట్టంతా రెండుసార్లు తిరగేశాడు. "కండ్లద్దాలు మర్చిపోయిన సాబ్," అన్నాడు. జడ్జి తన అద్దాలు తీసి ఇచ్చాడు. అవి పెట్టుకుని చెమటలు కక్కుతూ నిలబడ్డ సదాశివను చూస్తే విద్యావతికి పాయసం తిన్నంత తియ్యగా ఉంది.

"చదవరానోడు తర్జుమా ఎట్ల జేసిండు? దీన్ని నేను ఒప్పుకోను," అన్నాడు జడ్జి. బాలమల్లు మొహం పాలిపోయింది. ముందు బెంచీలో ఉన్న జగన్మోహనరావు గబగబా విద్యావతి దగ్గరికి వచ్చాడు.

"లేచి చదువమ్మా. ఆఫీసు ఇజ్జత్ కాపాడు. రేపటి నుంచి కుర్చీ నీదే," అన్నాడు మెల్లగా.

ఆమె ముందుకెళ్లి, జడ్జి అనుమతి అడిగి, రెండో పేజీ ఎక్కడా ఆగకుండా చదివింది.

"తర్జుమా మీదేనా?" అన్నాడు జడ్జి.

"నాదే సాబ్."

జగన్మోహనరావు ఊపిరి పీల్చుకున్నాడు. అక్కడితో ఊరుకుంటే కుర్చీ ఆమెదే. ఆమె ఊరుకోలేదు.

"ఇదొక్కటే గాదు సాబ్. ఆరేండ్ల నుంచి ఈయన ప్రమాణం జేసి సంతకం పెట్టినయన్నీ నావే. ఈయన ఒక్కటి గూడ చదువలే. రాతల తప్పుంటే నన్ను పిలిపియ్యుండ్రి, జవాబు నేను జెప్త."

సదాశివ సంతకమున్న కాగితాలన్నీ బయటికి తీయమని జడ్జి గుమస్తాకు చెప్పాడు. జగన్మోహనరావు బెంచీ మీద కూలబడ్డాడు. ఇక ఆ ఆఫీసు తలుపులు మూతపడతాయని, తన కూడూ దాంతోనే పోతుందని విద్యావతికి తెలుసు. తెలిసే చెప్పింది.