పెంచలమ్మ కుప్ప

మా చిన్నప్పుడు... వల ఒడ్డుకు చేరగానే పిల్లలంతా చేపలు చూసేవాళ్లు. నేను కుప్పలు చూసేదాన్ని.

గూడూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున మా ఊరు. అలివి వలను ఒడ్డునే నిలబడి రెండు వైపులా తాళ్లతో లాగేవాళ్లు. పడిన చేపల్ని ఇసుక మీద వాటాలుగా పోసేవాళ్లు. వలకొక కుప్ప, పడవకొక కుప్ప, లాగిన వాళ్లకు తలా ఒకటి... అన్నీ గంపల్లోకి ఎక్కేవి. చివరికి ఒక కుప్ప మిగిలేది. దాని మీద ఎవరూ చెయ్యి వేసేవాళ్లు కాదు. కాకి వాలితే మాత్రం అందరూ తోలేవాళ్లు.

"ఆ కుప్ప ఎవురిది నాయనా?"

"పెంచలమ్మది."

"అది వల లాగలేదు గదా?"

"సముద్రంలో నీళ్లెన్నుండాయో గూడా కావాల్నా మే నీకు? గమ్మునుండు."

గమ్మునుండడం నాకు అప్పుడూ చేతకాలేదు.

పెంచలమ్మ నాతోపాటే మూడో తరగతి. అడగ్గా అడగ్గా మా అమ్మ చెప్పింది. దానికి చక్కెర జబ్బు. పిల్లలకు వచ్చే రకం. రోజూ రెండు పూటలా ఇన్సులిన్ సూది పడాలి. బతికినంత కాలం పడాలి. మానేస్తే బతకదు.

వాళ్ల నాయన వేటకు పోయి తిరిగి రాలేదు. తల్లి రమణమ్మత్త ఎండుచేపలు అమ్మేది. అది ఇద్దరి తిండికే చాలేది కాదు. అందుకని మా ఊరి కుల పెద్ద, పెద్దకాపు, దురాయి వేశాడు. దురాయి అంటే మత్స్యకారుల ఊళ్లలో ఎవరూ దాటని కట్టుబాటు. వల పడిన ప్రతిరోజూ ఒక వాటా ఆ బిడ్డ మందుకు... అంతే. ఎవరూ దాన్ని దానం అనలేదు. వాటా అన్నారు.

మందు గూడూరు నుంచి వచ్చేది. చల్లగా ఉంచాలని డాక్టరు చెప్పాడు. ఊళ్లో ఫ్రిజ్ లేదు. చల్లదనం ఉన్నది మా నాయన ఐసు కొట్టులోనే. వాడుతున్న బుడ్డి రమణమ్మత్త ఇంట్లో నీళ్ల కుండ పక్కన ఉండేది. మిగతావి మా దగ్గర.

"వంజరాన్నే వారం కాపాడతా ఉండా. ఈ బుడ్డి ఒక లెక్కా చెల్లెమ్మా?" అన్నాడు నాయన.

"చేప చచ్చినాక గదన్నా నీ కాడికొచ్చేది. ఇది బతికే బిడ్డది. బద్రం."

ఆ మాట నాయన మనసులో పడింది. తనకు తెలిసిన విద్యంతా చూపించాడు. మద్రాసు పోయే వంజరానికి చేసినట్టే, పొడిగా కొట్టిన ఐసులో రాళ్లుప్పు కలిపి, నడిమధ్యలో బుడ్లు దాచాడు. ఉప్పు పడితే ఐసుకు చలి పెరుగుతుంది. మంచి సరుకుకే ఆ మర్యాద.

ఒకరోజు నాయన లేనప్పుడు పెట్టె మూత తీశాను. ఒక ఊరంతా కలిసి కొనే మందు ఎట్లా ఉంటుందో చూడాలని... బుడ్డి తీసి ఊపాను. లోపల ఏమీ కదల్లేదు. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ ఊపాను. చప్పుడు లేదు. గడ్డకట్టి ఉంది.

ఉన్నచోటే పెట్టి మూసేశాను. ఎవరికీ చెప్పలేదు. పెట్టె ముట్టుకున్నందుకు దెబ్బలు పడతాయని ఒక భయం. పైగా ఐసు సంగతిలో నాయన తప్పు చేస్తాడని నాకు తోచనే లేదు.

తర్వాత ఆ బుడ్లలో ఒకటి రమణమ్మత్త ఇంటికి పోయింది. కరిగాక చూడ్డానికి మామూలు మందులాగే ఉండి ఉంటుంది. నాలుగు రోజులకు పెంచలమ్మకు వాంతులు, ఎగశ్వాస. ఐసు లారీలోనే గూడూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. నాయన ఎక్కాడు. వెనకే నేనూ ఎక్కాను. దించడానికి ఎవరికీ తీరిక లేదు.

"సూది మానేశారా?" అన్నాడు డాక్టరు.

"ఒక్క పూట గూడా మాన్లేదయ్యా," అంది రమణమ్మత్త.

ఆయన నమ్మలేదు. మళ్లీ అడిగాడు. ఆమె బిడ్డ తల మీద చెయ్యి పెట్టబోయింది, ఒట్టు వేయడానికి.

"ఆ మందు గడ్డకట్టింది," అన్నాను. "నేను చూసినా."

నాయన నా వైపు తిరిగాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తే...

డాక్టరు ఐసు పెట్టె సంగతంతా అడిగి తెలుసుకున్నాడు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేస్తుందని నమ్మడానికి లేదని చెప్పాడు. కొత్త బుడ్డి తెప్పించాడు. రెండో రోజుకు పెంచలమ్మ కళ్లు తెరిచింది. నన్ను చూసి మొదట అన్న మాట ఇది:

"మీ నాయన నన్ను గూడా మద్రాసుకు పంపీబోయినాడంట గదే?"

రమణమ్మత్త నవ్వింది. నాయన బయటికి వెళ్లిపోయాడు.

ఊరికి వచ్చాక ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పెద్ద కుండ ఒకటి, చిన్న కుండ ఒకటి తెచ్చాడు. చిన్నదాన్ని పెద్దదాంట్లో దించి, రెంటి మధ్యా తడి ఇసుక నింపి, లోపలి కుండలో మందు బుడ్లు పెట్టాడు. దాన్ని రమణమ్మత్త ఇంట్లో గాలి తగిలే మూలన ఉంచి, పొద్దునా సాయంత్రం తనే నీళ్లు పోసి వచ్చేవాడు. బుడ్లు చూసి వచ్చే పని నాకు అప్పగించాడు. రోజూ ఒకే ప్రశ్న...

"కదలతా ఉండాదా మే?"

"ఉండాది నాయనా."

ఆ కుండ వాళ్లింట్లో చాలా ఏళ్లు ఉంది. వల పడిన ప్రతిరోజూ ఆ కుప్పా ఉంది.

ఇప్పుడు మా ఒడ్డున అలివి వల లాగేవాళ్లు లేరు. కుప్పలూ లేవు. సాయం అడుగుతూ జబ్బు పిల్లల ఫొటోలు ఫోన్లో వస్తాయి. డబ్బు నేనూ పంపుతాను, మీరూ పంపుతారు. ఆ పిల్లల మందు ఏ ఇంట్లో ఏ మూలన ఉందో చూసి వచ్చే పని మాత్రం మనకెవరూ అప్పగించరు.

పెంచలమ్మ నాయుడుపేటలో బట్టలు కుడుతుంది. ఈమధ్య వెళ్లాను. మాటల మధ్యలో లేచి ఫ్రిజ్ తలుపు తీసింది. బుడ్డి తెచ్చి నా కళ్ల ముందు మెల్లగా వంచింది.

"పోయి మీ నాయనకు చెప్పు," అంది.

నాయన లేడని దానికీ తెలుసు... అందుకే మీకు చెబుతున్నాను.

మీ ఊళ్లో ఎవరి కోసం ఏం పక్కన పెట్టేవాళ్లు? కాకుల్ని ఎవరు తోలేవాళ్లు? రాయండి... అడగకుండా ఉండడం నాకు ఇప్పటికీ చేతకాదు.