కుడికాలా, ఎడంకాలా

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్ళు ఈ బరువు మోసేవాణ్ణి కాదు. నేను ఒక మనిషి బతుకు దొంగిలించాను. అందరూ దాన్ని గెలుపు అన్నారు. దానికి ఇచ్చిన కప్పు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. పండగ వస్తే మా ఆవిడ తుడిచి పెడుతుంది.

తొంభైల మొదట్లో సంగతి. నూకరాజూ నేనూ రోజూ తెల్లారకముందే బీచ్‌లో పరిగెత్తేవాళ్ళం. అతనిది జాలరిపేట, సముద్రం మీద బతికే కుటుంబం. నాది మద్దిలపాలెం, గుమాస్తా ఇల్లు. నేను బద్ధకించి నాలుగు రోజులు మానేస్తే మా వీధిలోకి వచ్చి నిలబడి పిలిచేవాడు, లేచేదాకా కదిలేవాడు కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు అడుగు ఎలా తగ్గించాలో, ఆయాసం ఎలా ఆపుకోవాలో అన్నీ అతనే నేర్పాడు. పరుగయ్యాక వాళ్ళింట్లో చద్దన్నం, చేపల పులుసు. పెద్ద ముక్క ఎప్పుడూ వాళ్ళమ్మ నా కంచంలోనే వేసేది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, అది నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

ఒక కంపెనీ స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఇస్తామంది. భీమిలి రోడ్డు మీద పరుగు పెట్టి, మొదట వచ్చిన ఒక్కణ్ణే తీసుకుంటారు. నూకరాజు అన్న అంతకుముందు ఏడాదే చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. మిగిలిన కొడుకైనా నేల మీద బతకాలని వాళ్ళమ్మ ఆశ. అది నాకు తెలుసు. నాకైతే ఆ ఉద్యోగం పోతే ఇంకోటి దొరికేది. మరెందుకు చేశాను? నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా ఒకటే జవాబు వస్తుంది. రోజూ అతని వీపు చూస్తూ పరిగెత్తీ పరిగెత్తీ నాకు కడుపు మండిపోయింది. అంతే. ఇంత నీచమైన కారణానికి ఇంకే పేరు పెట్టను?

జాలర్లలో ఒక కట్టుబాటు ఉంది. సముద్రం మీద ఎవరైనా ఆపదలో పడి కేకేస్తే, వల నిండా చేపలున్నా సరే, కోసి వదిలేసి వెళ్ళాల్సిందే. వాళ్ళ నాన్న అలా ఒకసారి కొత్త వల పోగొట్టుకున్నాడట. నూకరాజే గర్వంగా చెప్పాడు. ఆ మాట నేను మనసులో దాచుకున్నాను. పరుగులో చివరి మలుపు దగ్గర అతను నా ముందున్నాడు, మిగతావాళ్ళు బాగా వెనకబడ్డారు. చుట్టూ ఎవరూ లేరు. కాలు పట్టేసిందని అరిచి రోడ్డు పక్కన కూలబడ్డాను.

నా కాలు పట్టెయ్యలేదు. ఈ ఒక్క ముక్క రాయడానికే ఇంత సేపు తిరిగాను.

అతను వెంటనే వెనక్కి వచ్చాడు. పిక్క గట్టిగా రుద్దాడు. నా చెయ్యి తన భుజం మీద వేసుకుని కొంత దూరం నడిపించి, తర్వాత నా పక్కనే మెల్లగా పరిగెత్తాడు. ముగింపు గీత కనిపించగానే నేను దాచుకున్న శక్తంతా పెట్టి దూసుకుపోయాను. నా కాలు బాగైందన్న సంతోషంలో అతను నవ్వుతూ చూస్తుండిపోయాడు. తేరుకునేసరికి అంతా అయిపోయింది. అందరికంటే ముందొచ్చి నన్ను కౌగిలించుకున్నదీ అతనే.

నాకు ఉద్యోగం వచ్చింది, పరుగు మానేశాను. అతను వేటకు వెళ్ళాడు. అతని పడవ ఒడ్డుకు చేరేదాకా వాళ్ళమ్మ ఇప్పటికీ ఇసుకలోనే కూర్చుంటుంది.

పోయినేడు డాక్టరు నా పొట్ట చూసి, షుగరు చూసి తిట్టాడు. దానికి తోడు మా కంపెనీలో నలభై దాటినవాళ్ళకు పరుగు పందెం పెడతామన్నారు. మళ్ళీ బూట్లు కొన్నాను. రెండు కరెంటు స్తంభాలు దాటేసరికి రొప్పు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న నూకరాజు నా అవస్థ చూశాడు. మర్నాటి నుంచి లుంగీ ఎగ్గట్టి, వట్టి కాళ్ళతో నా పక్కన పరిగెత్తడం మొదలుపెట్టాడు. నన్ను పందేనికి తయారుచేస్తాడట. ఎదురొచ్చిన వాళ్ళందరికీ, ఆ రోజు నా కాలు తనే బాగుచేశానని చెప్పుకునేవాడు. నేను వినేవాణ్ణి. సిగ్గు కూడా అలవాటైపోతుందా?

ఒక రోజు అడిగాడు.

"బావా, అప్పుడు పట్టీసిన కాలు మళ్ళీ ఏటైనా ఇబ్బంది పెడతందేటి?"

"ఎడంకాలు కదా, సలికాలం వస్తే కొంచెం లాగుతాది," అన్నాను. అడగని ముక్క కూడా నేనే కలిపాను.

"ఎడంకాలేటి? కుడికాలు కదా. ఈ సేతుల్తోనే రాసినాను."

తేలు కుట్టిన దొంగనయ్యాను. "అవునవును, కుడికాలే," అన్నాను. అతను పరుగు ఆపి నా మొహం కేసి చూశాడు. తర్వాత నా కాళ్ళ కేసి చూశాడు. "పద బావా," అన్నాడు చివరికి.

మర్నాడూ వచ్చాడు. అదే పలకరింపు, అదే నవ్వు. కానీ అప్పటి నుంచి కాలు సంగతి ఎత్తడం లేదు. ఎవరు ఎదురొచ్చినా ఆ కథ చెప్పడం లేదు. క్షమించాడా? అసహ్యించుకుంటున్నాడా? అడగాలంటే ముందు నేను చెప్పాలి. నోరు రావడం లేదు.

మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. చెప్పాక కొంచెం తేలికగా ఉంది, ఆ మాట కూడా ఒప్పుకుంటున్నాను. అతనికి తెలిసిపోయింది. తెలిసినా రేపు తెల్లవారుజామున వస్తాడు, నా కోసం మెల్లగా పరిగెత్తుతాడు. అదే భరించలేకపోతున్నాను.