చుట్ట పొగ రానంత దూరం

అమ్మ గుండెజబ్బుతో పోయింది. కరోనా రెండోసారి ఊళ్ల మీద పడిన రోజులవి. భద్రాచలం దగ్గర మా ఊళ్లో పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు మనిషి మెడ పట్టుకుని చెవి దగ్గరే ఏడుస్తారు. దూరంగా నిలబడి ఏడిస్తే వచ్చినట్టు లెక్క కాదు. నాన్నకు ఏళ్ల తరబడి ఉబ్బసం. ఈ జబ్బు తగిలితే తట్టుకోలేడని డాక్టరు ముందే చెప్పాడు. అమ్మ వెనకే ఆయన్ని కూడా పంపడం నావల్ల కాదు.

ఊరి నర్సమ్మను అడిగాను.

"ఇంట్ల కూసోబెట్టకుండ్రి సార్. మాట్లాడినా, ఏడ్చినా, దగ్గినా సన్న తుంపర్లు వస్తయి. మూసిన గదిల అవి పొగ లెక్క నిలుస్తయి. బయట, దూరం దూరం కూసోవాలె. మాస్కు ముక్కు మీద ఉండాలె," అంది.

నాన్న మంచం వాకిట్లోకి మార్చాను. ఎనిమిది రోజులు అందరూ మాట విన్నారు. తొమ్మిదో రోజు కల్లూరు నుంచి మేనత్త వచ్చింది, నాన్నకు అక్క. బస్సు దిగినప్పటి నుంచి కొంచెం దగ్గుతోంది.

"దుమ్ము, అల్లుడా. జరుగు, నా తమ్మున్ని పట్టుకోనియ్యి."

"వద్దత్తా. గా కుర్చీల కూసో."

"తమ్ముని కాడ కుర్చీల కూసునేటందుకు నేనేమన్న తాసిల్దారునా?"

కూర్చుంది. కోపంతో మాస్కు కిందికి లాగి చుట్ట ముట్టించింది. పొగ మంచం దాకా వచ్చింది, నాన్న దగ్గాడు. ఆ పొగ వచ్చే దారిలోనే ఆమె ఊపిరీ వస్తుందని నాకు అప్పుడు తట్టింది. కుర్చీ నాలుగడుగులు వెనక్కి జరిపాను. మళ్లీ దగ్గాడు. గాలి ఆయన వైపే వీస్తోంది. కుర్చీని ఇంకో పక్కకు, అక్కణ్నుంచి దడి దాకా మోసుకెళ్లాను. అత్త చుట్టతో వెనకే వచ్చి కూర్చుంది. దగ్గు ఆగింది.

"ఇంక నయం, కల్లూరు దాకా మోస్తవనుకున్న," అంది అత్త.

అక్కణ్నుంచి చెవిలో ఏడవడం కుదరదు. వీధంతా వినేలా మొదలుపెట్టింది.

"ఓ మరదలా! వీనికి స్టవ్ ముట్టియ్య గూడ రాదు గదనే! ఎవల చేతుల పెట్టి పోయినవే!"

నాన్న లేచి కూర్చున్నాడు. "ఎందుకు రాదే? దానికి జరమొచ్చిన నాడు ఉప్మా ఎవలు చేసిన్రు?"

"గా ఉప్మా కుక్క గూడ వాసన చూసి పోయిందని నీ పెండ్లామే చెప్పిందిరా!"

దడి అవతల ఎవరో నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. తర్వాత తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తొమ్మిది రోజుల్లో ఆయన ఏడవడం అదే మొదలు.

కల్లూరు వెళ్లిన రెండు రోజులకు అత్త ఫోన్ చేసింది. ఆమెకు పాజిటివ్. జ్వరం తప్ప ఇంకేం లేదట, తమ్ముడు ఎట్లున్నడని మూడుసార్లు అడిగింది. నాన్నను కిటికీలున్న గదిలో విడిగా ఉంచాను. ఆయన దగ్గినప్పుడల్లా తలుపు బయట నిలబడి, అది పాత దగ్గో కొత్త దగ్గో తేల్చుకోలేకపోయేవాణ్ని.

అత్త వచ్చి వెళ్లిన ఐదో రోజు నర్సమ్మ వచ్చి నాన్నకు పరీక్ష చేసింది. కాసేపు పరీక్ష పట్టీ మీద గీతల వంక చూసి, మాస్కు లోంచే చెప్పింది: "నీకు రాలే, తాతా."

నాకు వినపడింది. నాన్నకు వినపడలేదు. బాగా వినాలని తన మాస్కు గడ్డం కిందికి లాగి, ఆమె మీదికి వంగాడు.

"ఏందమ్మా? జర గట్టిగ చెప్పు."

నర్సమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ముందుగాల ముక్కు మూసుకో తాతా, మల్ల చెప్త."